స్పష్టత ఎవరి బాధ్యత? - పనిముట్ల వివరణలను గురించి

ఒకరు మాట రాస్తారు. ఇంకొకరు ఆ మాట చదివి పని చేస్తారు. పని చెడిపోయి మూడోవారు నష్టపోతారు. తప్పు ఎవరిది? రాసినవారిదా, చేసినవారిదా, నష్టపోయినవారిదా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. కచేరీ ఉత్తర్వుకూ, మందు సీసామీది చీటీకీ, ఎరువు బస్తామీది అక్షరాలకూ ఇది ఎప్పటినుంచో వర్తిస్తూనే ఉన్నది. అయితే ఈ కొద్ది సంవత్సరాలలో అది కొత్త రూపంలో మన ముందు నిలిచింది. చదివి పని చేసే ఆ రెండోవారి స్థానంలో ఇప్పుడు మనిషి లేడు, యంత్రం ఉన్నది. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ నోట్సును కంప్యూటరులో, ఫోనులో దాచుకుంటున్నారు. ఆ నోట్సును వెతికిపెట్టే పని, సర్దిపెట్టే పని, అందులో కొత్త సంగతి చేర్చే పని కృత్రిమ మేధ ఏజెంట్లకు అప్పగిస్తున్నారు. కనుక ఈ పాత ప్రశ్నను కొత్తగా విచారించటం అవసరమవుతున్నది.

ముందుగా విషయం ఏమిటో చూద్దాం. ఏజెంటులో ఉన్న భాషా నమూనా తనంతట తాను చేయగలిగినది మాటలు పుట్టించటం ఒక్కటే. ఒక నోట్సు తెరవాలన్నా, ఒక వాక్యం చేర్చాలన్నా, ప్రోగ్రామర్లు తయారుచేసిన పనిముట్లు దానికి కావాలి. 2023 జూన్‌లో ఓపెన్ ఏఐ సంస్థ తన నమూనాలకు ఇలా పనిముట్లను అందించే పద్ధతిని ప్రోగ్రామర్లకు విడుదల చేసింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి ఏర్పాటును ప్రకటించింది. నోషన్, అబ్సిడియన్ వంటి నోట్సు సాఫ్ట్‌వేర్లకు కూడా ఇటువంటి పనిముట్లు వచ్చాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. సాధారణంగా ఏజెంటు పనిముట్టు లోపలికి తొంగిచూడదు. దాని చేతికి అందేవి మూడే: పనిముట్టు పేరు, నాలుగు వాక్యాల వివరణ, తాను అందించవలసిన వివరాల జాబితా. ఏ పనిముట్టు ఎప్పుడు ఎత్తాలో ఆ నాలుగు వాక్యాలను బట్టే అది నిర్ణయించుకుంటుంది.

వడ్రంగి ఉలిని చేత పట్టుకుని పదును చూస్తాడు, బరువు చూస్తాడు. ఏజెంటుకు ఆ అవకాశం లేదు. దానికి ఉలిని గురించిన మాటే ఉలి.

“ఇది సాంకేతిక వ్యవహారం, సాహిత్య విమర్శకులకూ తత్త్వచర్చకూ దీనితో పనేమిటి?” అని అడిగే మిత్రులుంటారు. పనిముట్టు వివరణ రాయటం మొదట నైతిక వ్యవహారం, ఆ తర్వాతే సాంకేతిక వ్యవహారం అన్నది నా వాదం. అందులోని అస్పష్టతకు మూల్యం చెల్లించేది దాన్ని రాసినవారు కాదు గనుక.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. పుంగనూరులో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉన్నదనుకోండి. తండ్రి టమాటా పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలుతాడు. మందుల ఖర్చు, కూలి, బండి బాడుగ, మండీలో పట్టుకున్న కమీషను, ఆ రోజు పలికిన ధర అన్నీ ఆ అమ్మాయి రెండేళ్ళుగా ఒకే నోట్సులో రాస్తూ వచ్చింది. ఒకనాడు ఏజెంటుతో, “నిన్నటి ధర ఆ నోట్సులో చేర్చు” అన్నది. ఏజెంటు దగ్గర రెండు పనిముట్లున్నాయి. ఒకదాని వివరణ “నోట్సులో రాస్తుంది”. రెండవదాని వివరణ “నోట్సును నవీకరిస్తుంది”. ఉన్న నోట్సులో కొత్త సంగతి చేరటం నవీకరణే కదా! ఏజెంటు రెండవదాన్ని ఎత్తింది. కాని ఆ పనిముట్టు చేసే పని పాత పాఠాన్ని మొత్తం తీసివేసి కొత్త పాఠం పెట్టటం. రెండేళ్ళ లెక్కలు పోయి ఒక్క పంక్తి మిగిలింది. ఏజెంటు “చేర్చాను” అని జవాబిచ్చింది.

ఇందులో అబద్ధమాడినవారు ఎవరూ లేరు. నోట్సు నవీకరణ అయిన మాట నిజమే! కాని రేపు మండీవాడితో లెక్క తేల్చుకోవలసి వస్తే ఆ ఇంట్లో చూపటానికి ఆధారం లేదు.

తప్పు ఎవరిదని అడిగితే, “పనిముట్టు నేను రాసినట్లే పనిచేసింది, ఏజెంటు ఆలోచించుకోవలసింది” అంటాడు ప్రోగ్రామరు. “ఏజెంటు వివరణను బట్టి నడిచింది” అంటుంది ఏజెంటును తయారుచేసిన సంస్థ. ఇద్దరూ కలిసి ఆ అమ్మాయివైపు తిరిగి, “నకలు ఉంచుకోవలసింది” అంటారు. మూడూ సగం సగం నిజాలే. అయితే పాత పాఠం తుడిచిపెట్టుకుపోతుందన్న సంగతి ముందే ఎవరికి తెలుసు? ఆ అమ్మాయికి తెలియదు. ఏజెంటుకు తెలియదు. వివరణ రాసినవాడికి మాత్రమే తెలుసు. తెలిసినవాడు ఇంకొక్క వాక్యం రాసి ఉంటే చాలు: “ఇది పాత పాఠాన్ని పూర్తిగా తొలగిస్తుంది, చివర చేర్చటానికి దీన్ని వాడకూడదు.” ఆ వాక్యం రాయటానికి ఒక నిమిషం పట్టదు. ఒకరి నిమిషం మిగలటానికి ఇంకొకరి రెండేళ్ళు ఖర్చయ్యాయి. తెలిసినవాడికే చెప్పే బాధ్యత ఉన్నదన్నది మన విచారణలో మొదటి సూత్రం.

ఈ సూత్రం విలువ మన ప్రాంతంలో భూమి ఉన్నవారికీ లేనివారికీ కూడా అనుభవంలోనిదే. ఆంధ్రప్రదేశ్‌లో చుక్కల భూములని పేరుపడ్డవి ఉన్నాయి. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంటు రిజిస్టరు రాసేటప్పుడు హక్కుదారు పేరు రాయవలసిన చోట చుక్కలు పెట్టి వదిలిన భూములు అవి. ఆ చుక్కలకు అర్థమేమిటి? ఆ భూమి ప్రభుత్వానిదనా? హక్కుదారు ఎవరో తేలలేదనా? అడిగి రాసే ఓపిక లేదనా? రాసినవాడు అర్థం రాయకుండా వెళ్ళిపోయాడు. చుక్కలు మాత్రం దశాబ్దాలు నిలిచాయి. దున్నుకుంటున్న రైతు అమ్ముకోబోతే, అప్పు తెచ్చుకోబోతే ఆ చుక్కలే అడ్డం వచ్చాయి. చివరకు 2017లో రాష్ట్రంలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసివచ్చింది.

నోట్సు పనిముట్లలోనూ ఇటువంటి చుక్కలున్నాయి. వెతికే పనిముట్టు ఏమీ దొరకలేదని ఖాళీ జవాబిస్తుంది. ఖాళీ అంటే నోట్సులో ఆ సంగతి లేదనా, లేక శీర్షికలు మాత్రమే వెతికి లోపలి పాఠం చూడలేదనా? వివరణలో ఆ ముక్క లేకపోతే ఏజెంటు “మీ నోట్సులో లేదు” అని ఘంటాపథంగా చెబుతుంది. ‘చూడలేదు’ అన్నది ‘లేదు’గా మారటానికి ఒక్క చుక్క చాలు.

అస్పష్టత అన్ని వేళలా సోమరితనం కాదు. అది అధికారం కూడా. అడంగల్, ఫసలీ, పోరంబోకు అనే మాటలతో నిండిన లెక్కలు సామాన్య రైతుకు అర్థంకాకపోవటంలోనే గ్రామ కరణం పెత్తనం చాలావరకు ఉండేది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయింది. పదవి పోయింది గాని, లెక్క ఒకరి చేతిలో, దాని ఫలితం ఇంకొకరి నెత్తిన ఉండే పద్ధతి దానితో పోలేదు. ఈనాడు ఏజెంటు చదివే వివరణ నోట్సు యజమానికి ఎదుట కనిపించదు. తన పుస్తకం మీద ఎటువంటి చేతులు పనిచేస్తున్నాయో తెలియకుండానే ఆమె సంతకం చేస్తున్నది. కవిలెకట్ట రూపం మారిందంతే.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. ఊరు ఉలిక్కిపడింది, విచారణ మొదలయింది. కాగితం కాలితే పొగ లేస్తుంది, నలుగురూ చూస్తారు. పనిముట్టు తుడిచివేసిన నోట్సుకు పొగ ఉండదు. అందువల్లనే అక్కడ ముందుమాట ఇంకా స్పష్టంగా ఉండాలి.

ఇది చీకటివైపు. వెలుతురువైపు చూడటానికి కూడా మనం మదనపల్లె దాటి దూరం పోనక్కరలేదు. ఆ దగ్గరలోనే రిషివ్యాలీ ఉన్నది. జిడ్డు కృష్ణమూర్తి తత్త్వంతో మనకు ఏకీభావం ఉండనక్కరలేదు. కాని ఆ సంస్థవారు 1980ల చివరినుంచి చుట్టుపక్కల పల్లెల పిల్లలకోసం చేసిన ఒక పని మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గది, అయిదు తరగతుల పిల్లలు అన్నది మన పల్లెబడి వాస్తవం. ఉపాధ్యాయుడు ఒకే సమయంలో అందరికీ చెప్పలేడు. అందుకని పాఠాన్ని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క కార్డు తయారుచేశారు. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. దానిమీద గుర్తులుంటాయి. పిల్ల తాను ఎక్కడున్నదో నిచ్చెనలో చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుంటుంది, అందులో ఉన్న పని చేస్తుంది. ఉపాధ్యాయుడు తన అవసరం ఉన్న పిల్లల పక్కన కూర్చుంటాడు. ఈ పద్ధతిని చూసి చెన్నై కార్పొరేషను బడులు, ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు తమ బోధనను మార్చుకున్నాయి.

ఆ కార్డు రాసేవారి స్థితిని ఆలోచించండి. పిల్ల కార్డు తెరిచే సమయానికి రాసినవారు అక్కడ ఉండరు. “నా ఉద్దేశం అది కాదమ్మా” అని సర్దిచెప్పే వీలు లేదు. కార్డులో లేనిది పిల్లకు లేనట్లే. కనుక రాసేవారు తమకు తెలిసినదాన్ని కాసేపు మరచిపోయి, తెలియని పిల్ల కళ్ళతో ఆ కార్డు చదవవలసి ఉంటుంది. పిల్ల తప్పుచేస్తే ముందు కార్డును అనుమానించాలి, ఆ తర్వాతే పిల్లను. పనిముట్టు వివరణ రాసే ప్రోగ్రామరుది సరిగ్గా ఇదే స్థితి. పిల్లకూ యంత్రానికీ పోలిక పెడుతున్నానని కోపగించుకోవద్దు. పోలిక వారిద్దరికీ కాదు, రాసేవారి బాధ్యతలకు.

ఇక, స్పష్టత అంటే ఏమిటి? తేలిక మాటలు వాడటమే స్పష్టత అనుకుంటే పొరపాటు. పైన చెప్పిన ‘నవీకరిస్తుంది’ అనే మాట ప్రతి విద్యార్థికీ అర్థమయ్యేదే. మాట అర్థమయింది, పని అర్థం కాలేదు.

పేరుకూ లక్షణానికీ ఉన్న తేడా మొదటిది. పుంగనూరు ఆవు చిన్నదని అందరికీ తెలుసు. అంతమాత్రాన కనిపించిన పొట్టి ఆవునల్లా పుంగనూరు ఆవు అనలేము. ఎదగని దూడ కూడా పొట్టిదే. పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రంలో ఆ జాతిని కాపాడేవారు పేరు చూసి కాక లక్షణాలు చూసి పోలుస్తారు. అలాగే ‘వెతుకు’, ‘తీసుకురా’, ‘చూడు’ అని మూడు పనిముట్లు పక్కపక్కన ఉంటే పేర్లు ఏజెంటుకు దారి చూపవు. ఒకటి శీర్షిక తెలిసినప్పుడు వాడేది, ఒకటి విషయం మాత్రమే తెలిసినప్పుడు వాడేది, ఒకటి అన్ని నోట్సుల జాబితా ఇచ్చేది అని తేడా చెప్పే లక్షణం రాయాలి. ఏమి చేస్తుందో ఒక వాక్యం, ఎప్పుడు వాడాలో ఒక వాక్యం, ఏమి చేయదో ఒక వాక్యం. ఈ మూడోదానినే మనవాళ్ళు ఎప్పుడూ వదిలివేస్తారు.

కొలత రెండవది. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో మొదటిరకం టమాటా కిలో దాదాపు రూ. 200 వరకు పలికింది. నోట్సులో ‘ధర: 200’ అని మాత్రమే ఉంటే అది కిలోకా, క్రేటుకా? మార్కెట్టులో నిలుచున్న రైతు అడగకుండానే గ్రహిస్తాడు. ఆ రోజు గాలి ఎటు వీస్తున్నదో అతనికి తెలుసు. ఏజెంటు ఏ మార్కెట్టులోనూ నిలబడలేదు. ‘ధర’ అన్న గడికి ‘కిలోకు రూపాయలలో’ అని రాయకపోతే రెండు లెక్కలూ దానికి సమానమే. తేదీ కూడా అంతే. 05-06 అంటే జూన్ 5 అని మనం చదువుతాం, మే 6 అని అమెరికా చదువుతుంది. పనిముట్టు ఎక్కడో తయారవుతుంది, నోట్సు పుంగనూరులో ఉంటుంది.

మాటకు ఉన్న ఊరు మూడవది. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో కలుస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ స్థాపించటంలోని ఔచిత్యం కూడా అదే. ‘అవసరం’ అన్న మాటను అక్కడ పెట్టి చూడండి. తెలుగువాడికి అది కావలసినది, అక్కర. తమిళునికీ కన్నడిగునికీ అది తొందర. “ఈ పుస్తకం అవసరం” అని తెలుగు విద్యార్థి రాసుకున్న నోట్సును తమిళ మిత్రుడు వెంటనే తెమ్మన్నట్లుగా చదువుకోవచ్చు. ఇద్దరూ తమ భాషలో తప్పు చదవలేదు. కాబట్టి ‘అవసరమైన నోట్సులను ముందు చూపుతుంది’ అని వివరణ రాసేవాడు ఏ అవసరమో చెప్పి తీరాలి: గడువు దగ్గరపడినవా, యజమాని ముఖ్యమని గుర్తుపెట్టినవా?

అలాగని వివరణను పురాణంలా పెంచితే స్పష్టత రాదు. పనిముట్లు పదులకొద్దీ ఉంటాయి. ఏజెంటు వాటి వివరణలనూ, చేయవలసిన పనినీ కలిపి ఒక్కసారే చదవాలి. పెద్ద వివరణలో ముఖ్యమైన హెచ్చరిక మునిగిపోతుంది. ప్రోగ్రాము ఎంత కష్టపడి రాశారో అక్కడ చెప్పనక్కరలేదు. తేడా చూపేదీ, నష్టం ఆపేదీ ఉండాలి. తిరిగి రాని పని ఏదైనా ఉంటే అది అన్నిటికన్నా ముందుండాలి.

ఇక్కడ ఆక్షేపణలు రెండు వస్తాయి.

“యంత్రాలు రోజురోజుకూ తెలివిమీరుతున్నాయి, రేపు వివరణ సరిగా లేకపోయినా అవే గ్రహిస్తాయి” అన్నది మొదటిది. ఈ వాదంలో తెలివికీ సమాచారానికీ తేడా చెరిగిపోతున్నది. తీసివేసిన నోట్సు చెత్తబుట్టలో నిలుస్తుందా, శాశ్వతంగా పోతుందా అన్నది తెలివితో కనిపెట్టేది కాదు. అది ఆ పనిముట్టుకు సంబంధించిన ఒక నిజం. చెప్పకపోతే ఎంతటి మేధావి అయినా ఊహించాలి. తెలివైనవాడి ఊహ మరింత నమ్మకంగా వినిపిస్తుంది, అంతే తేడా. మార్క్సు ‘కాపిటల్’ మొదటి సంపుటంలో (1867) తేనెటీగనూ భవనశిల్పినీ పోల్చి, శిల్పి కట్టడాన్ని ముందు తలలో కట్టుకుంటాడని చూపించాడు. ఏజెంటు కట్టుకునే ప్రణాళికకు ఇటుకలు మన వివరణలే. ఇటుక పచ్చిదైతే మేస్త్రీ నైపుణ్యం గోడను ఎంతకాలం నిలుపుతుంది?

రెండవ ఆక్షేపణ ఇంకా గట్టిది: “స్పష్టంగా రాసినంత మాత్రాన మంచి జరుగుతుందా? మోసగాడు కూడా స్పష్టంగానే రాయగలడు.” నిజమే. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ పరిశోధకులు, పనిముట్టు వివరణలోనే రహస్య ఆదేశాలు దాచిపెట్టి ఏజెంటును దారి మళ్ళించవచ్చునని చూపించారు. వాడుకరికి కనిపించని ఆ పంక్తులు ఏజెంటుకు కనిపిస్తాయి. అది వాటిని పాటిస్తుంది. పైన చెప్పిన ఉమ్మడి ఏర్పాటులో, ఈ పనిముట్టు చదవటానికి మాత్రమే, ఇది నష్టం చేయగలది అని గుర్తులు పెట్టే వీలు ఉన్నది. కాని నమ్మదగినవారు ఇచ్చినవి కాకపోతే ఆ గుర్తులను నమ్మవద్దని ఆ పత్రమే హెచ్చరిస్తున్నది. కనుక స్పష్టత ఒక్కటే చాలదు. ఎవరికి స్పష్టం అన్నది అడగాలి. యంత్రానికి స్పష్టమై మనిషికి మరుగైనది స్పష్టత కాదు. నోట్సు ఎవరిదో వారు ఆ వివరణను తమ భాషలో చదివి, కాదనగలిగి ఉండాలి.

గిడుగు రామమూర్తి (1863-1940) జీవితమంతా పోరాడిన విషయం ఒకవిధంగా ఇదే. పుస్తకం ఎవరికోసమో వారి నోటిభాషలో ఉండాలన్నాడు ఆయన. అది గ్రంథాలకూ పాఠ్యపుస్తకాలకూ సంబంధించిన తగాదా అని మనం సర్దుకున్నాం. పని చేయించే ప్రతి వాక్యానికీ అది వర్తిస్తుందని ఇప్పుడు తెలుస్తున్నది.

ఈ వేలును ఒకసారి మనవైపు కూడా తిప్పుకోవాలి. మన తీర్మానాలలో “తగు చర్యలు తీసుకోవాలి” అని ఎన్నిసార్లు రాయలేదు? ఎవరు తీసుకోవాలి, ఎప్పటిలోగా, ఏది చేయకూడదు అన్నది రాయకుండా వదిలి, పని జరగకపోతే కార్యకర్తను నిందించలేదా? “కింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము” అని ఇచ్చి, ఎంత రాయాలో చెప్పక, తక్కువ రాసిన విద్యార్థికి మార్కులు కోసిన ఉపాధ్యాయులు మనలో లేరా? నేనూ కోశాను. ప్రశ్నపత్రం దిద్దుకోవలసింది నేను అన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

కుప్పంలోనో మదనపల్లెలోనో కంప్యూటరు చదువుతున్న విద్యార్థులు రేపు ఇటువంటి వివరణలు రాసే ఉద్యోగాలకు పోతారు. గడువు తరుముతుంది, యజమాని తొందరపెడతాడు, వివరణ రాయటం పనికిందే లెక్కకు రాదు. అప్పుడు వారు చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటున్నది. రాసిన వివరణను, ఆ పనిముట్టును ఎన్నడూ చూడని ఒక మనిషికి చదివి వినిపించి, “ఇది ఏమి చేస్తుంది? ఏమి పోగొడుతుంది?” అని అడగాలి. రెండవ ప్రశ్నకు జవాబు రాకపోతే వివరణ ఇంకా పూర్తికాలేదు. ఆ వినే మనిషి పుంగనూరు అమ్మాయి అయితే మరీ మంచిది. పోయేది ఆమె లెక్కలే కనుక.